నాలుగొస్తే రానట్టే

మా కోడలు లారీ నడుపుతానన్నప్పుడు ఇంట్లో అందరూ సరేనన్నారు, నేను తప్ప. ముప్ఫై ఏళ్లు స్టీరింగు పట్టినవాడి మాటకు విలువ లేదా అని మూతి ముడుచుకుని కూర్చున్నాను. ఆ పిల్ల లైసెన్సు తెచ్చేసుకుంది. మా కంపెనీలోనే, కొత్త ఆస్పత్రికి మంచాలు చేర్చే పనిలో, ఒక్కరోజు పరీక్ష పెట్టారు. నెగ్గితే ఉద్యోగం.

పొద్దున్నే సూపర్‌వైజరమ్మ మంచాలెక్కించిన ఐదు లారీలు చూపించి చెప్పింది: "షెడ్డులో ఉన్నంతసేపూ ఇవి మన ఫ్లీటు, అంటే కంపెనీ బళ్లు. రోడ్డెక్కితే కాన్వాయ్. ఐదూ కలిసే వెళ్లాలి. పన్నెండింటికి ఆస్పత్రి గేటు మూసేస్తారు."

కాన్వాయ్ అంటే నాకు తెలిసింది మంత్రిగారి కార్లే. దూసుకుపోవడమే దాని పని అనుకున్నాను. ముందు బండి నేను తీసుకుని, డొక్కు బండి కోడలికిచ్చి, అందరికంటే వెనక పెట్టాను.

"అక్కడుంటే ఎవరికీ అడ్డుండవు" అన్నాను.

"సరే మావయ్యా" అంది, అంతే.

కొండరోడ్డు ఎక్కేసి పదకొండుకే ఆస్పత్రి చేరాను, మీసం మెలేస్తూ. గేటు దగ్గర కాపలాదారు వేళ్లు మడిచి లెక్కపెట్టాడు.

"నాలుగే ఉన్నాయే?"

"ఐదోది వస్తుందిలే, మమ్మల్ని వదులు."

"కాయితంలో కాన్వాయ్ అనుంది పెద్దాయనా. ఐదూ వస్తేనే వచ్చినట్టు. నాలుగొస్తే రానట్టే."

తల కొట్టేసినట్టయింది. కోడలికి ఫోన్ చేశాను. సగం ఎత్తులో ఇంజను వేడెక్కి ఆగిందట. చల్లారాక నీళ్లు పోసిందట గానీ, ఆ ఎత్తు ఒక్కతే ఎక్కాలంటే భయంగా ఉందంది.

"ఇంక నా ఉద్యోగం పోయినట్టే మావయ్యా."

చేసింది నేను, బలయ్యేది ఆ పిల్ల. మిగతా ముగ్గుర్నీ అక్కడే ఉండమని బండి తిప్పాను.

"నువ్వు ముందు నడుపమ్మా, వెనక నేనున్నాను" అన్నాను, కోడలి బండి దగ్గరికి చేరి. నత్తనడకే నడిచాం. ఎక్కడా హారన్ కొట్టలేదు. పన్నెండుకు నాలుగు నిమిషాలున్నాయనగా ఐదూ లోపలికెళ్లాయి.

అప్పటికే విషయం తెలిసిపోయినట్టుంది, సూపర్‌వైజరమ్మ ఫోన్ చేసింది. "పాత బండి వెనకబడిందటగా?"

"వెనకబడలేదమ్మా, నేనే వదిలేసి పోయాను. తప్పు నాది" అన్నాను. ముప్ఫై ఏళ్లలో ఆ మాట ఎవరితోనూ అనలేదు.

"ఐదూ చేరాయా?"

"చేరాయి."

"అయితే మీ కోడల్ని రేపు ఆరింటికి డ్యూటీకి రమ్మనండి. మీరూ రండి, ఆమె వెనక నడపడానికి."