ఆంజనేయప్రసాద్‌గారి ముక్కు

మా పైఇంటి ఆంజనేయప్రసాద్‌గారు వారమంతా సాఫ్ట్‌వేర్ చేస్తారు, శనివారం ఇక్కడ అమెరికాలో మా ప్లెయిన్స్‌బరో పిల్లల్ని స్పెల్లింగ్ పోటీలకి తోముతారు. ఆయనకి ఇంగ్లిష్‌లో రాని మాట లేదు, తెలుగులో వినే ఓపిక లేదు.

ఆ బుధవారం నేను వంకాయలో ఎండు మెత్తళ్ళు వేసి వండాను. కిటికీలు మూశాను, ఫ్యాన్ పెట్టాను, అగరొత్తులు కూడా వెలిగించాను. అయినా పైన కిటికీ దడాలున మూసుకుంది. కాసేపటికి అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూప్‌లో ఆయన మెసేజ్: "ఎవరో సంస్కారం లేనివాళ్ళు చేపలు కాలుస్తున్నారు. ఎవరో తెలిసిన రోజే వాళ్ళ పిల్లలకి నా క్లాస్ బంద్."

వచ్చే నెలలోనే మా అమ్మాయి దియకి పోటీ. ఆ పిల్ల డిక్షనరీ పక్కన పెట్టుకుని పడుకుంటుంది. ఇంటి సంగతులు బయట అనొద్దని దానికి గట్టిగా చెప్పాను.

శనివారం క్లబ్‌హౌస్‌లో క్లాస్. అమ్మానాన్నలం వెనక కుర్చీల్లో కూర్చున్నాం. గోడకి పోయినేడాది కప్పుతో దియ పోస్టర్. కింద 'మా విజేత' అని పెద్ద అక్షరాలు.

"ఈ రోజు మాట కిప్పర్," అన్నారాయన కళ్ళు మూసుకుని. "ఒకటి, పొగబెట్టిన హెర్రింగ్ చేప. రెండు, గుడ్లు పెట్టే కాలంలో మగ సాల్మన్. మూడు, చేపని చీల్చి ఉప్పేసి పొగబెట్టడం. నాలుగు, వెడల్పాటి టై. రిపీట్!"

పిల్లలు మంత్రంలా అప్పజెప్పారు. దియ చెయ్యెత్తింది.

"అంకుల్, అది స్మెల్ ఎలా ఉంటుంది?"

"నేను ప్యూర్ వెజిటేరియన్‌ని. నాకెలా తెలుస్తుంది?"

"తెలుసు కదా అంకుల్! వెడ్నెస్‌డే మా అమ్మ డ్రై ఫిష్ కుక్ చేసింది. మీరు గ్రూప్‌లో టెక్స్ట్ చేశారు. అలాగే ఉంటుందా?"

వెనక కుర్చీలన్నీ నా వైపు తిరిగాయి. చచ్చాన్రా దేవుడా అనుకున్నాను. ఆంజనేయప్రసాద్‌గారు దియని చూశారు, పోస్టర్‌ని చూశారు, మళ్ళీ దియని చూశారు. గొంతు సవరించుకున్నారు.

"వెరీ గుడ్! చూశారా, పేరెంట్స్? సుధగారు ఇంట్లోనే ప్రాక్టికల్స్ చేయిస్తున్నారు. విన్నర్ ఊరికే అవుతారా? నేను మెసేజ్ పెట్టింది ఆ చివరి బ్లాక్ బ్యాచిలర్స్ గురించి."

బయటపడ్డానని సంతోషించాలి. కానీ ఒళ్ళు మండిపోయింది. దియ ఇంట్లో అయితే చదువు, ఆ కుర్రాళ్ళ ఇంట్లో అయితే కంపు! లేచి నిలబడ్డాను.

"ప్రాక్టికల్స్ కాదండీ, కూర. మా అమ్మమ్మ నాటినుంచీ తింటున్నాం. ఆ కుర్రాళ్ళని అనకండి, ఆ వాసన మాదే. మా దియకి క్లాస్ బందా?"

అందరూ పోస్టర్ వైపే చూస్తున్నారు.

"నెక్స్ట్ వర్డ్," అన్నారాయన.

తరవాతి బుధవారం కిటికీలన్నీ బార్లా తెరిచి మెత్తళ్ళు వేయించాను. ఫ్యాన్ లేదు, అగరొత్తులు లేవు. పైన కిటికీ తెరిచే ఉంది, చప్పుడు లేదు. దియ వెళ్ళి అడిగొచ్చింది, స్మెల్ వస్తోందా అని.

ఆంజనేయప్రసాద్‌గారికి జలుబట. పోటీ అయ్యేదాకా తగ్గదట.