ఎన్ని రోజులుంటారు?

నా మొగుడికి చిలీ శాశ్వత నివాసపు కార్డు వచ్చిన రోజు నేను వీధంతా వినబడేట్టు ఏడ్చాను. సంతోషంతోనే. దానికోసం మేం ఎన్ని ఆఫీసు కిటికీల ముందు నిలబడ్డామో, ఒక్కో కిటికీలో ఒక్కో మాట చెబుతుంటే ఎన్నిసార్లు బుర్ర గోక్కున్నామో లెక్కలేదు. మా ఆయన మాత్రం కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, "ఫొటోలో నిద్రమొహంగా ఉన్నాను," అన్నాడు. అంతే.

అతని పేరు నిల్టన్. సరిహద్దుకు అవతల తక్నాలో పుట్టిన పెరూ మనిషి. నా పేరు యస్నా, ఇవతల చిలీలోని అరీకాదాన్ని. రెండూళ్ళకీ మధ్య షేర్ కారులో గంట ప్రయాణం. ఆ గంటలో ఎడారీ, ఎడారి మధ్యలో చెక్‌పోస్టూ తప్ప మరేమీ ఉండదు. మా అమ్మమ్మ నాకు రాసిచ్చిపోయిన ఇంట్లోనే కాపురం పెట్టాం. దాంతో మా వీధివాళ్ళకు అతను ఇల్లరికపు అల్లుడైపోయాడు. ఫ్రిజ్‌లు బాగుచేసే మనిషి కాబట్టి, ఎవరింట్లో ఐసు గడ్డకట్టకపోయినా "ఆ ఇల్లరికాన్ని ఒకసారి కేకెయ్యండి" అంటారు. అతను నవ్వి ఊరుకుంటాడు. నేనూ నవ్వేదాన్ని.

పెళ్లికి ముందు అతను ప్రతి శనివారం పెరూ గుర్తింపు కార్డు చూపించి, ఏడు రోజుల సందర్శకుడి చీటీ పుచ్చుకుని నన్ను చూడడానికి వచ్చేవాడు. పెళ్లయ్యాక, దరఖాస్తు నడుస్తుండగా సరిహద్దు దాటితే ఏ తిరకాసు వస్తుందోనని నేనే కదలనివ్వలేదు. ఆ మూడేళ్ళూ గంట దూరంలో ఉన్న సొంత ఊరి మొహం చూడలేదు పాపం. అక్కడ అతని అక్క హెర్మెలిండా కూతురికి పుట్టువెంట్రుకలు తియ్యకుండా అలాగే ఉంచేశారు. జ్ఞానపిత, అంటే పిల్లకు ధర్మతండ్రి, మేనమామే, అతను వచ్చి మొదటి కత్తెర వేస్తేగానీ వీల్లేదని వదిన పట్టు. జుట్టు నడుం దాకా జడలు కట్టింది, దువ్వెన చూస్తే పిల్ల పారిపోతోందట.

అందుకని కార్డు వచ్చిన మొదటి శనివారమే బయల్దేరాం. నాకు లోపల ఒక భయం ఉంది. అక్కడి గాలి సోకగానే మనసు అక్కడే వదిలేసి, మనిషి మాత్రం నాతో తిరిగొస్తాడేమోనని. ఈ మాట నేనెవరికీ చెప్పలేదు. బదులుగా దారి పొడుగునా అతనికి పాఠం చెప్పాను.

"కిటికీ దగ్గర అడిగినదానికే జవాబు చెప్పు. నిజమే చెప్పు. ఒక్క ముక్క ఎక్కువ వాగకు."

"సరే."

"చిలీ వాళ్ళకి చిలీ కార్డు. పెరూ వాళ్ళకి పెరూ కార్డు."

"సరేనమ్మా తల్లీ. రెండూ జేబులోనే ఉన్నాయి."

చెక్‌పోస్టులో రెండు దేశాల కిటికీలూ పక్కపక్కనే ఉంటాయి. మొదటి కిటికీలో నేను స్వదేశీని, అతను పరదేశి. నాలుగడుగులు పక్కకు వేసేసరికి అతను ఇంటివాడైపోయాడు, నన్నేమో ఎందుకొచ్చావు, ఎన్ని రోజులుంటావు, ఎక్కడ దిగుతావు అని అడిగారు. నేను పెళ్ళాన్ని కాబట్టి వచ్చాను, అంతకుమించి ఏం చెప్పాలో నాకు తోచలేదు. అతను అవతల నిలబడి నా తంటాలు చూసి పళ్ళికిలించాడు.

తక్నాలో వేడుక బాగా జరిగింది. పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి, జుట్టును పాయలుగా రిబ్బన్లతో కట్టారు. నిల్టన్ మొదటి పాయ కత్తిరించి పళ్ళెంలో పెట్టాడు. పిల్ల ఏడవలేదుగానీ మా ఆయన ఏడ్చాడు. తర్వాత బుట్టెడు రొట్టెలతో ఎర్రటి కారంకూర పెట్టారు. అది తిని నాకు చెవుల్లోంచి పొగలొచ్చాయి.

"ఏం మరదలా, మా తమ్ముడికి అక్కడ ఉప్పూ కారం లేని గడ్డి పెడుతున్నావటగా? ఎంత చిక్కిపోయాడో చూడు," అంది వదిన. నిజానికి అతను పెళ్లయ్యాక బెల్టు రెండు కన్నాలు సడలించాడు.

"మా ఇంట్లో ఇంత కారం తినరు వదినా," అన్నాను నీళ్ళు తాగుతూ.

"ఓసి పిల్లా, 'మా ఇంట్లో' ఏమిటి? మా ఐమారా భాషలో 'మా ఇల్లు' వేరు, 'మన ఇల్లు' వేరు. మొగుడు పక్కనుండగా 'మా ఇల్లు' అంటే అతను పేయింగ్ గెస్టని అర్థం." అందరూ గొల్లున నవ్వారు. వదిన నా భుజం తట్టి, "ఇది మాత్రం మన ఇల్లే. ఇంకో రొట్టె తిను," అంది. నేనూ నవ్వాను. నిల్టన్ మాత్రం రొట్టె ముంచుకుంటూ తల దించుకున్నాడు. గమనించాను, కానీ కారం మంటలో మర్చిపోయాను.

ఆదివారం మధ్యాహ్నం తిరుగు ప్రయాణం. కారులో మాతోపాటు దోన్యా ఎల్సీరా అనే పెద్దావిడ ఎక్కింది. తక్నాలో కొత్త పళ్ళు కట్టించుకుని వస్తోంది, అవి ఇంకా నోట్లో కుదురుకోలేదు. డ్రైవరు గుమెర్ అనే అతను, ఆ రోడ్డు మీదే తల నెరిసినవాడు.

చెక్‌పోస్టు దగ్గర అందరం దిగాం. నేను చిలీ వాళ్ళ వరుసలో నిలబడ్డాను. నా వెనకాలే వస్తున్నాడనుకున్నాను. నా పని క్షణంలో అయిపోయింది. సామాను తనిఖీ దగ్గర వదిన కట్టిచ్చిన ఆలివ్ కాయల సీసా గురించి వాదించేసరికి ఆలస్యమైంది. నేను వచ్చేసరికి నిల్టన్ అప్పటికే కారులో కూర్చుని ఉన్నాడు. బండి గేటు దాటింది. అతను చొక్కా జేబులోకి ఏదో కాగితం దూరుస్తుంటే చూశాను.

"ఏమిటది?"

"చీటీ. ఇచ్చారు."

లాక్కుని చదివాను. సందర్శకుడు. ఏడు రోజులు. అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏ కార్డు చూపించావయ్యా?"

అతను జేబులోంచి రెండు కార్డులూ తీసి, ఒకదాని మొహం ఒకటి చూసుకునేట్టు పట్టుకున్నాడు. "పక్క కిటికీలో పెరూ కార్డు చూపించాను కదా... అదే చేతిలో ఉండిపోయింది. కాళ్ళు వాటంతటవే పాత వరుసలోకి పోయాయి యస్నా. నేను చూసుకోలేదు."

"ఇంకేముంది, పోయింది," అన్నాడు గుమెర్, అద్దంలోంచి చూస్తూ. "టూరిస్టుగా ఒప్పుకుని వచ్చావంటే నివాసం వదులుకున్నట్టే. మా బావమరిదికి ఇలాగే అయింది."

"ఏం కాదులే," అంది ఎల్సీరా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. "ఏలు లోజులు ఆగి ఏమీ ఎలగనత్తు ఊలుకోవలం. అంతే."

"ఏడు రోజులు దాటితే దొంగతనంగా ఉన్నట్టు కదండీ," అన్నాను.

"సొంత ఇంత్లో లొంగతనం ఏమితి?"

"మీ బావమరిది సంగతి ఏమైంది చివరికి?" అని నిల్టన్ గుమెర్‌ని అడిగాడు.

"ఏమో, వాడు ఇంకో పిల్లని పెళ్లి చేసుకున్నాడు. కార్డు గొడవో, మరోటో, సరిగ్గా తెలీదు."

"బండి ఆపన్నా," అన్నాను. వెనక్కి తిప్పితే తన వంతు పోతుందన్నాడు గుమెర్. మమ్మల్ని దించి, కాసేపు ఆగి చూస్తానన్నాడు. ఎల్సీరా కిటికీలోంచి చెయ్యి ఊపి ఏదో దీవించింది. అందులో ఒక్క అక్షరం అర్థం కాలేదు.

ఇద్దరం రోడ్డు పక్కన ఇసుకలో వెనక్కి నడిచాం. ఎదురుగాలి. నా కోపం ఇంకా సగం కూడా ఖర్చవలేదు.

"కిటికీలో వాడు ఏమడిగాడు? మాట పొల్లుపోకుండా చెప్పు."

"ఎక్కడినుంచి వస్తున్నారన్నాడు. ఇంటినుంచి అన్నాను."

నేను ఆగిపోయాను. "తర్వాత?"

"ఎక్కడికి వెళ్తున్నారన్నాడు. మా ఆవిడ ఇంటికన్నాను."

"తర్వాత?"

"ఎన్ని రోజులుంటారన్నాడు. ఏడు రోజులన్నాను."

"ఏడు రోజులేమిటి? ఎనిమిదో రోజు ఎక్కడికి పోదామని?"

"ఏమో, నోటికి వచ్చేసింది. ఎప్పుడూ అదే కదా చెప్పేది."

"ఇంటినుంచి మా ఆవిడ ఇంటికా? మూడేళ్ళు నాతో కాపురం చేసి, చూడ్డానికొచ్చిన చుట్టంలా చెబుతావా? నేను ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది ఇందుకా?"

నిల్టన్ గొడవపడే మనిషి కాదు. గొంతు పెంచకుండానే అన్నాడు: "నిజమే చెప్పమన్నావు కదా యస్నా. మా ఇంట్లో బూట్లు గుమ్మం బయటే విప్పుతారు. మా ఇంట్లో ఆదివారం రేడియో పెట్టరు. మా ఇంట్లో ఇంత కారం తినరు. పెళ్లైన రోజునుంచీ వింటున్నాను. మరి వాడు అడిగితే నేను ఎవరిల్లని చెప్పాలి?"

కోపం ఎటో పోయింది. దాని స్థానంలో వచ్చిందేమిటో నాకు తెలియలేదు. అది మా అమ్మమ్మ ఇల్లు, ఆవిడ అన్న మాటలే నేనూ అంటూ వచ్చాను, అందులో తప్పేముందని అనుకున్నాను. అలా అనుకుంటూనే సిగ్గుతో ఒళ్ళు కుంచించుకుపోయింది.

చెక్‌పోస్టులో మమ్మల్ని ఒక పై అధికారిణి దగ్గరికి పంపించారు. ఆవిడ కార్డునూ చీటీనూ పక్కపక్కన పెట్టి, కంప్యూటర్ వంక చూసి, మళ్ళీ మా వంక చూసింది.

"నిన్న ఉదయం శాశ్వత నివాసి ఒకాయన దేశం దాటి వెళ్ళారు. ఆయన ఇంకా తిరిగి రాలేదు. ఇవాళ ఒక టూరిస్టు వచ్చారు."

"ఇద్దరూ ఈయనేనండీ," అన్నాను.

"ఈయనెలా అవుతారు? టూరిస్టు ఇక్కడున్నారు కదా."

"మరి మా ఆయన ఎక్కడున్నట్టు?"

"రికార్డు ప్రకారం తక్నాలోనే ఉండిపోయారమ్మా."

ఆవిడ మామూలుగానే అంది. నాకు మాత్రం, నేను ఎవరికీ చెప్పకుండా దాచుకున్న భయాన్ని ఎవరో మైకులో చదివినట్టు అనిపించి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిల్టన్ కంగారుపడి, "అయ్యో, నేనిక్కడే ఉన్నానే," అని నా చెయ్యి పట్టుకున్నాడు.

ఆవిడ మా పెళ్లి కాగితం అడిగింది. నేను దాన్ని ఎక్కడికైనా మోసుకెళ్తాను, ఇచ్చాను. "ఇల్లు ఎవరి పేరున ఉంది?" అంది.

"నా పేరున."

"ఈయన అక్కడ అతిథా?"

"కాదండీ."

ఆవిడ ఏదో టపటపా కొట్టి, చీటీ మీద అడ్డంగా గీత పెట్టింది. "టూరిస్టును రద్దు చేశాను. మీరు ఆ పసుప్పచ్చ గీత అవతలికి వెళ్ళి, నివాసుల వరుసలో నిలబడి మళ్ళీ రండి. మీరు ఈ పక్కనే ఉండండమ్మా."

నిల్టన్ గీత దాటి వెళ్ళాడు. పట్టుమని పది అడుగుల దూరం లేదు, అయినా విదేశమే. ఇంతలో ఒక బస్సెడు జనం దిగి వరుసల్లో నిండిపోయారు. వాళ్ళ సంచుల మధ్య అతని తల కనబడుతూ, కనబడకుండా పోతూ ఉంది. అటు పక్కనే బయటికి పోయే తలుపు తెరిచి ఉంది. ఆ తలుపులోంచి చూస్తే తక్నా రోడ్డు. నాకు ఎందుకో అతను ఆ తలుపులోంచి వెళ్ళిపోతాడేమో అనిపించింది. వెళ్ళినా నేను ఏమనగలను? మూడేళ్ళుగా బూట్లు గుమ్మం బయట విడిచిన మనిషి.

వెళ్ళలేదు. వరుస జరుగుతూ జరుగుతూ అతని వంతు వచ్చింది. కిటికీలో కొత్త కుర్రాడు.

"కార్డు?" నిల్టన్ ఈసారి రెండుసార్లు చూసుకుని చిలీ కార్డే ఇచ్చాడు.

"ఎక్కడికండీ?"

నిల్టన్ కుర్రాడి వంక చూశాడు. తర్వాత మెడ తిప్పి, గీత ఇవతల నిలబడ్డ నా వంక చూశాడు. వెటకారం లేదు, నిష్ఠూరం లేదు. నిజంగానే తెలియక అడుగుతున్నాడు.

"యస్నా, ఎక్కడికని చెప్పను?"

వరుసలో వాళ్ళంతా నా వైపు తిరిగారు.

"మనింటికని చెప్పు," అన్నాను. గట్టిగానే అన్నాను.

"మా ఇంటికండీ," అన్నాడు నిల్టన్ కుర్రాడితో. కుర్రాడు కార్డు తిరిగి ఇచ్చేశాడు. నిల్టన్ కదల్లేదు. కార్డు చేత్తో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

"ఇంకేం కావాలండీ?"

"మీరు... ఎన్ని రోజులని అడగలేదు."

"మిమ్మల్ని అడగం సార్. జరగండి, వెనక జనం ఉన్నారు."

అతను గీత దాటి నా దగ్గరికి వచ్చాడు. బయట గుమెర్ ఇంకా వెళ్ళలేదు, హారన్ కొడుతున్నాడు. నిల్టన్ కార్డును జేబులో పెట్టబోయి, మళ్ళీ తీసి చూసుకున్నాడు.

"ఎన్ని రోజులని అడగలేదు యస్నా," అన్నాడు మెల్లగా.