పడని వేలిముద్ర

గిరిప్రసాద్‌ను మునికృష్ణ ఈ జన్మలో క్షమించడు. ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు ముంచి ఉంటే ఏడ్చి ఊరుకునేవాడేమో. వీడు పలమనేరులో అదే వీధిలో పుట్టి, మునికృష్ణ తల్లి దేవకమ్మ పిండిన పాలు తాగి పెరిగినవాడు.

ఆ మధ్యాహ్నం వేలిముద్రల మిషన్ పట్టుకొచ్చి పంచలో కూర్చున్నాడు.

"పెద్దమ్మా, ముద్ర కొత్తగా ఎక్కించకుంటే నీ పింఛను ఆగిపోతాది. కండ్లు కనపడనిదానివి, నిన్ను తిప్పేదెందుకని నేనే వచ్చినా."

పింఛనిచ్చేవాళ్లు ఇంటికొచ్చి ముద్ర వేయించుకోవడం ప్రతినెలా ఉన్నదే. అది ఒక్కసారికి పడకపోవడమూ ఉన్నదే. నలభై ఏళ్లు ఆవుల పొదుగులు పిండి పిండి దేవకమ్మ బొటనవేలి గీతలు అరిగిపోయాయి. రేషన్ షాపులో ఆమె వంతు వస్తే వెనకవాళ్లు నిట్టూర్చేవాళ్లు.

"పడలే పెద్దమ్మా, ఇంకోసారి."

ఆమె వేలు కొంగుకు తుడుచుకుని మళ్లీ పెట్టింది.

"ఊహూ. ఇంకోసారి."

మునికృష్ణకు విసుగొచ్చింది. "రేషన్ షాపులో పరువు తీసేది సాలదా మా? ఈడ కూడానా? గట్టిగా అదుము."

"ఏలు అరిగిపోతే నేనేం సేసేది నాయనా. నువ్వు తాగిన పాలను అడుగు, సెప్తాయి."

గిరిప్రసాద్ నవ్వాడు. మునికృష్ణ తల్లి చేయి లాక్కుని, ఆ వేలిని తానే మిషన్ మీద అదిమాడు. అది మూడోసారి. నాలుగోసారీ తనే అదిమాడు.

"ఇప్పుడు పడిందిలే అన్నా," అని వాడు మజ్జిగ తాగి వెళ్లిపోయాడు.

ఆమె కంటి ఆపరేషన్‌కు చిత్తూరు ఆసుపత్రివాళ్లు తేదీ ఇచ్చారు. అందుకోసమే నల్లావును అమ్మి బ్యాంకులో వేసిన డబ్బు తీయబోతే, కౌంటర్‌లోని అమ్మాయి పాస్‌పుస్తకం చూపించింది. "ఒకేరోజు నాలుగుసార్లు మీ అమ్మ వేలిముద్రతోనే తీసినారే. ముద్ర ప్రతిసారీ పడింది సార్."

గిరిప్రసాద్ ఇంటికి తాళం. పోలీస్ స్టేషన్‌లో రైటరు ఫిర్యాదు కాగితం తీసుకుని అడిగాడు.

"ముద్ర బలవంతంగా ఏయించుకున్నాడా?"

"లేదు సార్."

"మరి?"

"నేనే అదిమినా."

రైటరు కలం కింద పెట్టి అతని మొహంలోకి చూశాడు.

ఇంటికొచ్చేసరికి దేవకమ్మ మంచం మీద కూర్చుని ఉంది. అడుగుల చప్పుడుకు తల తిప్పింది.

"మునీ, నల్లావు దుడ్డు తెచ్చినావా నాయనా? ఆపరేషన్‌కు పొయ్యేది ఎప్పుడు?"

అతను ఆమె పక్కన కూర్చుని, ఎంత పోయిందో చెప్పాడు. అదిమినప్పుడల్లా పది వేలు. మొత్తం నలభై వేల రూపాయలు.