తలుపు బిగించని ఇల్లు

బాసండ్లు తోముతున్నంతసేపూ యాదలక్ష్మి చెవి గదిలోనే ఉండేది. తల్లి నర్సింగమ్మకు దగ్గు తెర వస్తున్నదని తెలియగానే ఇత్తడి బిందెను బండమీద గరగర ఈడ్చేది. అయినా ఆ దగ్గు, గది కిరాయికిచ్చిన ఇంటామె అమృతమ్మకు వినబడేది. వాకిట్లోకి వచ్చి, "మీ అమ్మకింక తగ్గలేదానే?" అనేది. ఆ అడగడంలో జాలి లేదని అనలేం. కానీ దాని వెనకే అసలు మాట వచ్చేది. "ఏమనుకోకు యాదలక్ష్మీ. ముసలామెకు ఏమన్న అయితే మా ఇంట్ల కావద్దు. చెడ్డ నచ్చత్రమైతే ఆర్నెల్లు ఇల్లు పాడువెట్టాలె. దసరాలోపల మీరు ఖాళీ చేస్తిరా, మంచిది."

యాదలక్ష్మికి ఆ మాట కొత్తది కాదు. అత్త హనుమమ్మ ఇదే గదిలో రెండేండ్లు మంచాన పడి ఉన్నది. ఎత్తిందీ, కడిగిందీ, తినిపించిందీ యాదలక్ష్మే. ఆఖరికి దవాఖానలో ప్రాణం పోతే, శవాన్ని అమృతమ్మ గేటు దాటనివ్వలేదు. గేటు బయట మురికి మోరీ పక్కన, తాడిపత్రి పరదా కింద పడుకోబెట్టారు. చిట్యాల మీదుగా పోయే బస్సుల్లోంచి జనం తొంగిచూస్తుంటే, చీర అడ్డం కట్టి, కోడలే ఆమెకు స్నానం చేయించింది. "నా తల్లిని పండవెట్టేతందుకు జాగ లేకపాయె," అని ఆ రోజు యాదలక్ష్మి పెనిమిటి అంజయ్య తల బాదుకున్నాడు.

ఆ జాగా ఇప్పుడు వచ్చింది. ఊరి బయట సర్కారు కాలనీలో ఒక్క గది, ముందు చిన్న అరుగు. కాలనీలో ఇండ్లన్నీ ఆడవాళ్ల పేరనే ఇచ్చారు. మేస్త్రీ గోడలు లేపి పోయినంక వాటిని తడిపే పని ఎవరిదని ఎవరూ అడగలేదు. బిందె చంకన పెట్టుకొని బోరింగుకూ గోడకూ తిరిగింది ఆమే. నీళ్లు తాగుతున్న గోడ పక్కన కాసేపు ఊరికే నిలబడేది. మంచం ఈ మూలకు వేస్తే అమ్మ ముఖానికి గాలి తగులుతుంది. పొద్దున లేస్తే ఎదురుగా పచ్చజొన్న చేను కనిపిస్తుంది. అంతవరకు అనుకొని, ఇంకా అనుకోవడానికి భయపడి, ఖాళీ బిందెతో తిరిగొచ్చేది.

కొత్తింటికి పోదామంటే అంజయ్య మాత్రం మూఢం పోనియ్యి, తలుపన్న బిగియ్యనియ్యి అంటూ వచ్చాడు. నిన్న రాత్రి అన్నం ముందు కూర్చొని మనసులో ఉన్నది చెప్పాడు. "పాలు పొంగియ్యని ఇంట్లకు సావును తీస్కపోతవా? మీ అమ్మను ఆత్మకూరుల మీ చిన్నాయన దగ్గర దించి రా. అయినా బిడ్డ ఇంట్ల తల్లి ఎన్నొద్దులుంటది?"

యాదలక్ష్మి ఆయన కంచంలో పులుసు పోసింది. మీ అమ్మను నేనెన్నొద్దులు చూసిన్నో నీకు యాదికున్నదా అనలేదు. మా అమ్మకు నేను తప్ప ఎవలున్నరు అనలేదు.

గోడకు అవతల పడుకున్న నర్సింగమ్మకు అంతా వినబడింది. తెల్లారేసరికి రెండు చీరలు మూట కట్టుకొని కూర్చున్నది.

"చిన్నాయన ఇంటికే గద బిడ్డా? మంచిదే. అల్లునికి ఇబ్బంది."

అంజయ్య మిల్లుకు పోగానే యాదలక్ష్మి పిలిచిన చోటే మియా రిక్షా వచ్చింది. వెనక నులకమంచం కట్టి, తల్లిని ఎత్తి కూర్చోబెడుతుంటే అమృతమ్మ బయటికి వచ్చింది.

"ఎటు తీస్కపోతున్నవే?"

"మా ఇంటికి."

కాలనీ బాటంతా గుంతలు. చోటే మియా దిగి తోస్తూ, "సర్కారు ఇల్లిచ్చింది గని బాట మర్చిపోయింది. జర గట్టిగ పట్టుకో అవ్వా, ఎగిరి పడ్తవ్," అన్నాడు. నర్సింగమ్మ నవ్వబోయింది. దగ్గొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నది.

మంచం అనుకున్న మూలకే పడింది. తలుపు లేని చోట యాదలక్ష్మి చీర కట్టింది. ఆనాడు అత్తకు అడ్డం కట్టిన చీరే అది. సాయంత్రం అంజయ్య వచ్చి అరవవచ్చు. లేదా చీర పక్కకు జరిపి, లోపలికి వచ్చి కూర్చోనూవచ్చు. ఏది చేసినా ఈ మంచం ఇక్కడి నుంచి లేవదు.

నర్సింగమ్మ కొత్త గోడలను చాలాసేపు చూసింది.

"ఇది ఎవలిల్లు బిడ్డా?"

"నాది."

అంతలో మళ్లీ దగ్గు తెర వచ్చింది. ముసలిచెయ్యి అలవాటుగా కొంగు కోసం తడుముకున్నది. యాదలక్ష్మి ఆ చెయ్యి పట్టుకొని, కొంగును మెల్లగా పక్కకు తీసింది.

"గట్టిగ దగ్గమ్మా."

ఆ దగ్గు నాలుగు గోడలకూ తగిలి గదంతా మోగింది. యాదలక్ష్మి ఏ బిందెనూ ఈడ్చలేదు. తల్లి పక్కన కూర్చొని విన్నది.