మైనస్ పట్టని పెట్టె

బోర్డు వివరాల జాబితాలోంచి గంట నంబరున్న వరుస తీసేసి, ఆయన మళ్ళీ కరెంటు ఇచ్చాడు. బొటనవేలి గోటి పక్కన ఎప్పుడో సోల్డరు తగిలి కాలిన మచ్చ. తెర మీద తెల్లటి అక్షరాలు పరిగెత్తి ఆగాయి. చివర 'సిద్ధం' అని వచ్చింది.

"అబద్ధం," అన్నాడు తెరతో.

అది ఆసుపత్రుల్లో మందు ఎక్కించే పంపు. సీసా ఖాళీ అయితే పంపు గంట కొట్టినట్టు ప్రాసెసర్ని పిలుస్తుంది. ఏ నంబరు మీద పిలుస్తుందో డ్రైవరు, అంటే పంపును నడిపే ప్రోగ్రాం, ముందే అడిగి తెలుసుకోవాలి. నంబరు లేకపోతే జవాబుగా మైనస్ అంకె వస్తుంది. అప్పుడు డ్రైవరు నా వల్ల కాదని ఆగిపోవాలి. పంతొమ్మిదేళ్ళుగా డ్రైవర్ల చేత ఆ మాట చెప్పించడమే ఆయన ఉద్యోగం. ఎవరు ఏం రాసి చూపించినా "నంబరు రాకపోతే?" అంటాడు. అందుకే ఆఫీసులో ఆయన 'రాకపోతే బాబాయ్' అయ్యాడు.

"బాబాయ్, టీ రాకపోతే?" అంది పక్క బల్ల దగ్గర పరీక్షలు చేసే ఆవిడ.

"వచ్చినా టీయో కాదో చూడాలి కదమ్మా."

ఆవిడ నవ్వింది. ఆయన నవ్వలేదు. పోయిన వారం ఒక వార్డులో సీసా ఖాళీ అయినా పంపు పిలవలేదు. నర్సు అటుగా వెళుతూ చూడబట్టి రోగి బతికాడు. ఆ డ్రైవరు రాసింది ఆయనే. మూడింటికి విచారణ.

డ్రైవరులో జరిగిన పాత మార్పులు ఒక్కొక్కటే తిరగేశాడు. 'సున్నా కన్నా తక్కువైతే ఆగు' అన్న తన వరుస అలాగే ఉంది. దాని పైన మారింది ఒక్క మాట. నంబరును దాచే పెట్టెను ఎవరో మైనస్ పట్టని రకానికి మార్చారు. అందులో మైనస్ ఆరు పడితే నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల చిల్లర అవుతుంది, సున్నా కన్నా ఎన్నటికీ తగ్గదు. కాపలావాణ్ణి నిలబెట్టే ఉంచి కళ్ళు పీకినట్టు. గంట తగిలించడం కుదరలేదన్న జవాబును పారేసే వరుస కూడా కింద చేరింది.

మార్చింది మేనేజరు. చుట్టరికం లేదు, ఒకే రోజు ఉద్యోగంలో చేరిన పాపానికి ఒకరినొకరు బావా అనుకుంటారు. నంబరు లేని బోర్డులు వచ్చిపడి సరుకు ఆగిపోయినప్పుడు, "నీ డ్రైవర్ని ఒక్కసారికి నోరు మూసుకోమను బావా," అని అడిగాడు. ఈయన వద్దన్నాడు.

మార్పు కింద, చదివినవాళ్ళు పెట్టే 'చూశాను' అన్న మాట ఉంది. దాని పక్కన తన పేరు.

తేదీ చూశాడు. ఆ రోజు భార్యకు కంటి ఆపరేషన్. బయట బెంచీ మీద కూర్చుని తానే ఫోన్ చేశాడు: "చిన్నాచితకా మార్పులుంటే చూశానని నా పేరు పెట్టెయ్ బావా."

మేనేజరు గదిలోకి వెళ్ళి ఆ మార్పు అచ్చు తీసిన కాగితం ముందు పెట్టాడు.

"ఇది చిన్నాచితకానా బావా?"

మేనేజరు లేచి తలుపు వేశాడు. "తర్వాత సరిచేద్దామనుకున్నా. మర్చిపోయా."

"నేను వద్దన్నాను."

"వద్దన్నావనే కదా..." అని ఆగాడు. "ఇద్దరం మునిగితే ఏం లాభం చెప్పు?"

"ఇద్దరం ఎక్కడ మునిగాం? నీళ్ళలో ఉన్నది నేను. నువ్వు ఒడ్డున నిలబడి చెయ్యి ఊపుతున్నావు."

మూడింటికి విచారణ గదిలో, విచారణ జరిపే పెద్దావిడ అదే కాగితం ముందుకు జరిపింది.

"పేరు మీదేనా?"

"నాదే."

"మీరు చూశారా?"

ఆయన బావ వైపు చూశాడు. బావ నీళ్ళ సీసా మూత తిప్పుతున్నాడు.

"చూడలేదండి. పేరు పెట్టమన్నది మాత్రం నేనే."

పెద్దావిడ మేనేజరు వైపు తిరిగింది. "మరి మీరు?"

"వారు చూశారనే అనుకున్నానండీ."

వారు! ఆయన కాగితాన్ని పెద్దావిడ వైపు తిరిగి జరిపాడు.

అయిదింటిలోగా గుర్తింపు కార్డు ఇచ్చి, ఉద్యోగం వదిలి వెళ్ళమన్నారు. బల్ల దగ్గరికి వచ్చి పెట్టెను మైనస్ పట్టే రకానికి మార్చాడు. పారేసే వరుస కొట్టేశాడు. కరెంటు ఇచ్చాడు. 'నంబరు లేదు, ఆగాను' అంది తెర.

"చివరిదాకా చదివాకే పేరు పెట్టమ్మా," అన్నాడు పక్క బల్ల ఆవిడతో. ఆవిడ పెదవులు కదుపుతూ ప్రతి వరుసా చదివింది. జోకు వెయ్యలేదు.

సొరుగు ఖాళీ చేస్తుంటే అడుగున బావ ఇంటి తాళంచెవి దొరికింది. తను ఊరెళ్ళినప్పుడల్లా కుండీలకు నీళ్ళు పొయ్యమని ఏనాడో ఇచ్చింది. మేనేజరు గదిలో ఎవరూ లేరు. దాన్ని కాగితాల మీద పెట్టి, తలుపు దగ్గరగా వేసి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఏళ్ళ తరబడి వాడటంతో పళ్ళు అరిగి, ఆయన చేతి నునుపు పట్టిన తాళంచెవి. దాని ఎర్రదారం ఫ్యాను గాలికి కదిలి, ఆగి, మళ్ళీ కదిలింది.