కూర్చుని లేచెను అంటారేంటి?

ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటకి ముందు వెళ్ళేది ఆడవాళ్ళే. నరసాపురం దిగువన మా పేటలో అది ఆనవాయితీ. మగవాళ్ళు ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని నేరుగా చర్చికొస్తారు.

ఆ రోజు మిగతా ఆడవాళ్ళు వచ్చేశాక వీరమ్మ, కూతురు దీవెన కొవ్వొత్తులతో వెళ్ళేసరికి తోటలో పొక్లెయిన్ తవ్వుతోంది. పక్క రొయ్యల చెరువు ఆసామి గట్టు ఇటు జరుపుతున్నాడు. ఇంకాస్త తవ్వితే వీరమ్మ మొగుడు ఏసుపాదం సమాధే.

ఇద్దరూ పరుగున చర్చిలో పడ్డారు. జాషువా అయ్యగారు అప్పుడే “ప్రభువు లేచెను!” అన్నారు. “నిజముగా లేచెను!” అని జనం బదులు పలికారు, చాపల మీద కూర్చునే.

“అయ్యగారండీ, సమాధులు తవ్వేస్తన్నారు!” అని అరిచింది వీరమ్మ.

సంఘపెద్ద రాజరత్నం మాస్టారు విసుక్కున్నాడు. “పండగపూట ఏంటమ్మా ఈ గోల? చీకట్లో ఏం చూశారో ఏమో. ఆరాధన అయ్యాక మగాళ్ళెవరన్నా చూసొస్తార్లే.”

“అయ్యేసరికి మా ఆయన రొయ్యల కిందుంటాడండి!”

ఎవడో కిసుక్కుమన్నాడు. వీరమ్మకి ఒళ్ళు మండింది.

“మాస్టారూ, ఆ మొదటి ఆదివారం సమాధి దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చి చెప్పిందెవరండి? ఆడాళ్ళు కాదూ? వెర్రిమాటలని శిష్యులు కొట్టిపారేశారని ఏటేటా చదివేది మీరే. వాళ్ళ మాట అబద్ధమైతే ఈ పండగెందుకు? నిజమైతే, నా మాట నమ్మడానికి మీకేం రోగం? కూర్చుని లేచెను అంటారేంటి? లేవండి!”

అయ్యగారు బైబిలు మూశారు. “అందరూ లేవండి. పదండి.”

పేటంతా కదిలింది. పిల్లా ముసలీ పొక్లెయినుకి అడ్డంగా నిలబడ్డారు.

“చచ్చినోళ్ళ కోసం ఇంత రభసేంటి? ఎముకలు వేరేచోట పెట్టిస్తాను” అన్నాడు ఆసామి.

“చచ్చినోళ్ళు కాదండి, నిద్రపోతున్నోళ్ళు” అంది దీవెన. “లేపడానికి ఆయనొస్తాడు. అడ్రసు మార్చం.”

డ్రైవరు బుల్లబ్బాయి దిగిపోయాడు. రేవు అవతల చేపలు పట్టే ఇంటివాడు. “మా తాతల సమాధుల మీదకి ఎవరన్నా మిషను తెస్తే మేమూరుకుంటామా? నావల్ల కాదండి” అని తాళం ఆసామి చేతిలో పెట్టాడు. ఆసామికేమో అది నడపడం రాదు. పేటంతా ఈలలు! తలొంచుకుని బైకెక్కాడు.

ఆ ఈస్టరు ఆరాధన పొక్లెయిన్ తవ్విన కందకంలోనే జరిగింది. కీర్తన పాడుతూ మట్టి పూడ్చారు. మాస్టారు తెల్లపంచె ఎగ్గట్టి తట్ట ఎత్తుకున్నాడు.

“వీరమ్మా, ఎటు పొయ్యమంటావు?”

“ఇటండి మాస్టారూ. పోసి గట్టిగా తొక్కండి!”