జాలు భూమిలో యాసంగి

రామన్నపేట అవతల, కాలువ కింద పర్వతాలు అనే రైతుకు ఎకరన్నర ఉంది. జాలు భూమి. ఎండాకాలంలో కూడా అడుగు పెడితే మడమ దిగబడుతుంది. అందులో వరి తప్ప మరేదీ బతకదని ఊరందరికీ తెలుసు.

ఆ ఏడు చలి మొదలవుతుండగా వ్యవసాయాధికారి ఊళ్లో మీటింగు పెట్టాడు. ఎండాకాలం కోతకొచ్చే యాసంగి వడ్లు పచ్చిగా మర పట్టిస్తే నూకవుతాయని మిల్లులు వాటిని ఉడకబెట్టి ఉప్పుడు బియ్యం చేస్తాయి. ఉప్పుడు బియ్యం ఇక తీసుకోమని ఢిల్లీ చెప్పేసింది కాబట్టి ఈసారి కొనుగోలు కేంద్రం ఉండదనీ, వరి మాని పల్లి వేయమనీ అన్నాడు. పర్వతాలు లేచి తన భూమి సంగతి చెప్పుకుంటే, బోదెలు తీసి నీళ్లు బయటికి పంపమని సలహా ఇచ్చాడు.

పక్క పొలం భిక్షపతి వినలేదు, వరి నారే పోశాడు. పర్వతాలుకు అంత ధైర్యం లేదు. కొడుకు అంజన్న కరోనాలో పోయాడు. ఇంట్లో భార్య అండాలు, కోడలు మల్లిక, మూడేళ్ల మనవరాలు ఉన్నారు. పంట అమ్ముడుపోకపోతే వీళ్ల గతి ఏమిటని భయపడి పల్లి వేశాడు.

నెల తిరగకముందే మొక్కలు పసుపుబారాయి. పీకి చూస్తే వేర్లు నల్లగా కుళ్లి కంపు కొట్టాయి. మొగుడూ పెళ్లాలూ ఎనిమిది రోజులు బోదెలు తవ్వారు. తవ్విన చోటల్లా నీళ్లు ఊరాయి.

నాట్లయిపోయాక భిక్షపతి మడిలో నారు మిగిలింది. పర్వతాలు వెళ్లి అడిగాడు.

"ముదిరిన నారన్నా. ఎదుగుతది గని గింజ పట్టది," అన్నాడు భిక్షపతి.

"ఎట్లయిన పారేసేదే గద తమ్మీ. ఇయ్యి."

పల్లి పీకేసి, కూలీలను పిలవలేక ముగ్గురే వంగి నాటేశారు. పిల్లను గట్టు మీద కూర్చోబెట్టారు. ఆ వరి ఏప్రిల్‌లో ఈనింది. వడగాలికి పాలు గింజలోనే ఎండిపోయాయి.

సరిగ్గా ఆ వారమే, పండిన ప్రతి గింజా కొంటామని రాష్ట్ర సర్కారు ప్రకటించింది. ఊళ్లో కేంద్రం తెరిచారు. భిక్షపతి వడ్లు లారీలో పోయాయి. మే నెలాఖరుకు పర్వతాలు కూడా తన పది బస్తాలు తెచ్చి తూర్పార మిషన్ ముందు పోశాడు. ఎక్కువ భాగం పొల్లై ఎగిరిపోయింది. మిగిలినదాన్ని పిడికిట నలిపి చూసి, కేంద్రం వాళ్లు తీసుకోలేమన్నారు. వ్యవసాయాధికారి అక్కడే ఉన్నాడు.

"మీరు వద్దంటేనే గద సారూ పల్లేసిన," అన్నాడు పర్వతాలు మెల్లగా. "మీ మాట ఇననోని వడ్లు కొన్నరు. ఇన్నోనికి ఏం జెప్తరు?"

తనకూ పైనుంచి వచ్చిందే చెప్పానని అధికారి తల దించుకున్నాడు.

ఆ వడ్లు మర పట్టిస్తే చాలామటుకు నూకే వచ్చింది. నెల తిరక్కుండా అదీ అడుగంటింది. ఆహార భద్రత కార్డులో అంజన్న పేరు తీసేశారు. మల్లిక పేరూ, పిల్ల పేరూ ఎక్కించమని ఎన్నిసార్లు పోయినా కొత్త పేర్లు బంద్ అన్నారు. ఇద్దరి బియ్యం నలుగురు తినాలి. అండాలు రోజూ ఆకలి లేదని చెప్పి నీళ్లు తాగి పడుకోసాగింది.

"నువ్వు తినకుంటే నేను గూడ తిననత్తా," అని మల్లిక గిన్నె పక్కన పెట్టేసింది. ఇద్దరూ ఏడ్చారు. పిల్ల ఆ గిన్నెలోది కూడా తినేసి ఇంకా కావాలంది.

మర్నాడు పర్వతాలు భిక్షపతి గడపలో నిలబడ్డాడు.

"ఎకరన్నర నువ్వే జేస్కో తమ్మీ. కౌలు పైసలొద్దు. తినేటందుకు బియ్యమియ్యి."

భిక్షపతి లోపలికి పోయి ఒక బస్తా మోసుకొచ్చి అరుగు మీద పెట్టాడు.

జూలైలో వానలు పడ్డాక ఆ ఎకరన్నరలోనే అండాలు, మల్లిక కూలికి నాట్లేశారు. పర్వతాలు ఆ దిక్కు పోలేదు. మిల్లులో బస్తాలు మోసే పని ఉందంటే ఆలేరు బస్సెక్కాడు.